రెండు సున్నాల నడుమ: ఒక బగ్ నివేదిక ఆత్మకథ

మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉండి, ఎవరైనా చదివి, మార్చి, ఇతరులతో పంచుకోగలిగిన సాఫ్ట్‌వేర్‌ను ఓపెన్ సోర్స్ అంటారు. అందులో లోపం కనిపించినప్పుడు వాడుకరి రాసి పంపే ఫిర్యాదును బగ్ నివేదిక అంటారు. ప్రాజెక్టు నిర్వహించే ట్రాకర్‌లో, అంటే ఫిర్యాదుల చిట్టాలో, చేరిన క్షణంలోనే దానికొక వరుససంఖ్య పడుతుంది, ఆ తరువాత అందరూ దాన్ని ఆ సంఖ్యతోనే పిలుస్తారు. రాజాంలో పుట్టిన అటువంటి నివేదిక ఒకటి తన జీవితాన్ని తానే ఇక్కడ నమోదు చేసుకుంటున్నది. తన కథ తాను చెప్పుకుంటూ కూడా అది ప్రథమపురుషలోనే మాట్లాడడానికి తగిన కారణం ఉన్నది: ఫిర్యాదు చేసినవారి వాక్యాలు, పరిశీలించినవారి ప్రశ్నలు, స్థితి మారినప్పుడల్లా పడిన తేదీలు తప్ప దానికంటూ వేరే దేహం లేదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగినప్పుడు, అంతవరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలో చేరాయి. బిల్లు పుస్తకాల నుంచి సంఘాల సభ్యత్వ పట్టికల వరకు ప్రతి కాగితం మీదా చిరునామా మార్చవలసి వచ్చిన ఆ రోజుల్లో, పట్టణంలోని ఒక డీటీపీ సెంటరులో పనిచేసేవారు ఒక ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో పాత పట్టికను తెరిచి, 'శ్రీకాకుళం' ఉన్న ప్రతిచోటా 'విజయనగరం' పెట్టమని ఆదేశించగా, కొన్ని వరుసల్లో పేరు మారి మరికొన్నింటిలో పాతదే నిలిచిపోయింది. మారినదానికీ మారనిదానికీ కంటికి తేడా ఏమీ లేదు. వారు తమకు వచ్చిన ఇంగ్లీషులో 'తెలుగులో వెతకడం పనిచేయడం లేదు' అన్న అర్థం వచ్చే ఒకే వాక్యం రాసి పంపడంతో ఈ నివేదిక పుట్టింది. పుట్టగానే దానికి దక్కిన స్థితి 'నిర్ధారణ కానిది'.

అది చేరిన వరుసను బ్యాక్‌లాగ్ అంటారు. పరిష్కారం గాని, తిరస్కారం గాని పొందకుండా పేరుకుపోయిన ఫిర్యాదుల రాశి అది. లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించే డెబియన్ ప్రాజెక్టు కోసం ఇయాన్ జాక్సన్ 1994లో బగ్ ట్రాకింగ్ వ్యవస్థను ప్రారంభించిననాటి నుంచీ, మొజిల్లా ప్రాజెక్టులో బగ్జిల్లా అనే ట్రాకర్ 1998లో వెలువడిననాటి నుంచీ, ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, ఆ ఫిర్యాదును ఎవరైనా చదవవచ్చు అన్నదే ఈ చిట్టాల మూలసూత్రంగా ఉన్నది. ఆ ఔదార్యమే రాశి పెరగడానికీ కారణం. ఒక వాక్యం రాయడానికి నిమిషం చాలు. ఆ వాక్యంలోని లోపాన్ని మరో కంప్యూటరులో, మరో వెర్షనులో తిరిగి రప్పించి నిర్ధారించడానికి ఒక పూట పట్టవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు ఆదరణ పెరిగినకొద్దీ వాడుకరులు పెరుగుతారు గాని, సెలవు దినాల్లో ఉచితంగా కూర్చుని నివేదికలు చదివేవారు అదే లెక్కన పెరగరు.

కనుక మరమ్మతు కన్నా ముందు జరగవలసినది వర్గీకరణ. తీవ్రతను, అవసరాన్ని బట్టి నివేదికలను వేరుచేసే ఈ పనిని ట్రయాజ్ అంటారు. డెబియన్‌లో తీవ్రతకు ఏడు మెట్లు ఉన్నాయి. వ్యవస్థనే కూల్చే కీలక లోపం ఒక కొసన ఉంటే, ఉంటే బాగుండును అనిపించే కోరిక రెండో కొసన ఉంటుంది. తీవ్రత తేల్చడానికి ముందు, వచ్చినది లోపమా, వాడుక తెలియక అడిగిన సందేహమా, లేని సదుపాయం కోసం చేసిన విన్నపమా అన్నది తేలాలి. మూడింటికీ మూడు రకాల మనుషులు, మూడు రకాల జవాబులు కావాలి. మరో లినక్స్ వ్యవస్థ ఉబుంటు చిట్టాలో మొదటి సంఖ్య పొందిన నివేదిక, 2004లో దాని వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ రాసినది, వ్యక్తిగత కంప్యూటర్ల విపణిలో మైక్రోసాఫ్ట్ ఆధిక్యాన్నే ఒక లోపంగా పేర్కొని, 2013లో మూతపడేవరకు ఆ చిట్టాలో కొనసాగింది. సంకల్పం కూడా లోపం వేషంలో ట్రాకర్‌లోకి రాగలదనడానికి అది సాక్ష్యం.

రాజాం నివేదికను మొదట చూసిన పరిశీలకునికి తెలుగు రాదు. ఏ వెర్షను, ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ అడుగుల తరువాత ఏమి జరిగింది, ఏమి జరగాలని ఆశించారు అన్న ప్రశ్నలు వేసి, మాదిరి ఫైలు జతచేయమని కోరి, ఆయన దాని స్థితిని 'సమాచారం కావాలి' అని మార్చాడు. డీటీపీ సెంటరులో మిగిలిన వరుసలను చేత్తో మార్చుకుని పని ముగించారు గనుక జవాబు రాలేదు. ఇటువంటి మౌనానికి ప్రాజెక్టులు గడువులు పెట్టుకున్నాయి: లిబ్రేఆఫీస్ అనే ఓపెన్ సోర్స్ ఆఫీసు సాఫ్ట్‌వేర్ నాణ్యతా బృందం ఆరు నెలల పాటు కదలిక లేని ఇటువంటి నివేదికలకు హెచ్చరిక పంపి, తరువాత తగిన సమాచారం లేదంటూ మూసివేస్తుంది; మూలసంకేతాన్ని ఉంచుకునే గిట్‌హబ్ వేదికలో చాలా ప్రాజెక్టులు వాడే యాంత్రిక సహాయకం, అమరిక మార్చకపోతే, 60 రోజుల నిశ్శబ్దం తరువాత 'పాతబడినది' అని ముద్రవేసి మరో 7 రోజులకు తలుపు మూస్తుంది. ఈ పద్ధతి చిట్టాను తేలికచేస్తుందన్నది నిర్వాహకుల వాదం కాగా, లోపం అలాగే ఉండగా దాని రికార్డు మాత్రం మాయమవుతుందన్నది వాడుకరుల వాదం. రెండింటిలోనూ నిజం ఉన్నది.

హెచ్చరిక అందిన తరువాతే రాజాం నుంచి ఫైలు వచ్చింది, తెలుగు చదవగలిగిన మరొక స్వచ్ఛంద కార్యకర్త దాన్ని తెరిచారు. కంటికి కనిపించని తేడా అప్పుడు బయటపడింది. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరసంఖ్య కేటాయించే ప్రమాణంలో, తెలుగు పూర్ణానుస్వారం సంఖ్య దశాంశ లెక్కలో 3074 కాగా, తెలుగు అంకె సున్నా సంఖ్య 3174. చాలా ఫాంట్లలో రెండూ ఒకే గుండ్రని గీత. ఇద్దరు వ్యక్తులు వేర్వేరు కీబోర్డులతో నింపిన ఆ పట్టికలో ఒకరు 'శ్రీకాకుళం' చివర అనుస్వారం పెట్టగా, మరొకరు అంకె సున్నా పెట్టారు. మనిషి ఆకారాన్ని చదువుతాడు, యంత్రం సంఖ్యను చదువుతుంది. కాబట్టి వెతికే సదుపాయం తన పని తాను సరిగానే చేసింది. దానితో నివేదిక స్థితి 'ఇది బగ్ కాదు' అని మారింది.

అక్కడితో దాని జీవితం ముగిసి ఉండేదే గాని, ఆ కార్యకర్త మూసివేతతో పాటు ఉపాయం కూడా రాశారు: మారని గడిలోని మాటను అలాగే నకలు తీసి వెతుకుడు పెట్టెలో అతికించి, ముందుగా దాన్ని సరైన అనుస్వారంతో మార్చి, తరువాత జిల్లా పేరు మార్చాలి. పత్రంలోని అంకె సున్నాలన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చకూడదని, అలా చేస్తే తెలుగు అంకెల్లో రాసిన ౧౦ కాస్తా '౧ం' అయిపోతుందని హెచ్చరిక కూడా చేర్చారు. వాడుకరి సహాయం అంటే ఇదే; కోడులో ఒక్క అక్షరం మారకపోయినా, అవతలివారి పని ముందుకు సాగుతుంది.

ఆ తరువాత కన్నడ, మలయాళ పత్రాల నుంచి అదే తీరు ఫిర్యాదులు వచ్చాయి. భారతీయ లిపులకు యూనికోడ్ సమాంతర క్రమాన్ని పాటించడం వల్ల ఆ రెండు లిపుల్లోనూ అనుస్వారానికీ అంకె సున్నాకూ మధ్య దూరం సరిగ్గా నూరే, రూపసామ్యం కూడా అంతే. ఒకే విషయం మీద వచ్చిన రెండో నివేదికను నకలుగా గుర్తించి మొదటిదానికి కలపడం ట్రయాజ్‌లో భాగం. అయితే నకలు వ్యర్థం కాదు, అవసరం ఎంత విస్తృతమో చెప్పే సాక్ష్యం. మూడు లిపుల సాక్ష్యంతో మూతపడిన నివేదిక మళ్లీ తెరుచుకుని, ఒకేలా కనిపించే అక్షరాలను కలిపి వెతికే ఐచ్ఛిక సదుపాయం కోసం విన్నపంగా మారింది. అటువంటి సమరూప అక్షరాల పట్టికను యూనికోడ్ సంస్థ ఇదివరకే ప్రకటించింది, అందులో ఈ సున్నాలూ ఉన్నాయి.

విన్నపానికి తొందర లేదని ఈ నివేదిక ఎరుగును. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక క్రమంలో వచ్చినప్పుడు ఐఫోన్లలో అప్లికేషన్లు కుప్పకూలగా, విషయం వార్తలకెక్కిన కొద్ది రోజుల్లోనే, ఆ నెల 19న, ఆపిల్ సవరణను విడుదల చేసింది. పరికరాన్ని పనిచేయనీయని లోపానికీ, పనిని కొంత ఆలస్యం చేసే అసౌకర్యానికీ ఒకే ప్రాధాన్యం ఉండడం న్యాయం కాదు.

తొందరపెట్టడంలోని ప్రమాదాన్ని ఎక్స్‌జెడ్ ఉదంతం చూపించింది. ఎన్నో లినక్స్ వ్యవస్థల్లో అంతర్భాగమైన ఆ కుదింపు ఉపకరణాన్ని దాదాపు ఒంటరిగా నడుపుతున్న నిర్వాహకునిపై 2022లో కొన్ని అపరిచిత ఖాతాలు ఆలస్యాన్ని ఎత్తిచూపుతూ ఒత్తిడి తెచ్చాయి. ఆ కాలంలోనే సహాయకునిగా నమ్మకం సంపాదించిన మరొక ఖాతా ద్వారా 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగదారి చేరింది. రిమోట్ లాగిన్లు అరక్షణం నెమ్మదించడాన్ని గమనించిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఆ మార్చి 29న దాన్ని బయటపెట్టారు. పేరుకుపోయిన చిట్టా నిర్వాహకునికి భారం మాత్రమే కాదు, దుర్బుద్ధి గలవారికి ఆయుధం కూడా.

ఈ అనుభవం నుంచి నివేదిక చెప్పదలచినది ఒక్కటే. కలెక్టరేటులో సోమవారం ఇచ్చిన అర్జీ మంజూరైనా, కారణం రాసి తిరస్కరించినా అర్జీదారుకు దారి తెలుస్తుంది గాని, రసీదు మాత్రమే చేతికొస్తే ఏ దారీ తెలియదు. బ్యాక్‌లాగ్ విషయమూ అంతే. దాని బరువును తెరిచి ఉన్న నివేదికల సంఖ్యతో కాక, జవాబు అందని నివేదికల సంఖ్యతో కొలవాలి. కారణం చెప్పి మూసినది పరిష్కారంతో సమానం, కారణం లేకుండా తెరిచి ఉంచినది నిర్లక్ష్యంతో సమానం. ఆ కారణం వాడుకరి భాషలో ఉండడానికి తెలుగు, కన్నడ, మలయాళాలు చదివే పరిశీలకులు ట్రాకర్లకు కావాలి. ప్రోగ్రామింగ్ రానివారు సైతం చేయగల ఆ పనికి, ఇంజనీరింగ్ కళాశాల ఉన్న రాజాం వంటి పట్టణంలో చేతులకు కొదవ లేదు.