పురుగులున్న తోట

హైదరాబాద్‌లో ఏ నర్సరీకైనా వెళ్ళి తంగేడు మొక్క కావాలని అడిగి చూడండి. అమ్మేవాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. "తంగేడా? దానికి పైసలెవరిస్తరు సార్? రోడ్డు పక్కపొంటి మస్తుంటది, తెచ్చుకోండ్రి" అన్నాడు మా నర్సరీవాడు. సాక్షాత్తూ రాష్ట్ర పుష్పానికి రాష్ట్ర రాజధానిలో దక్కే మర్యాద ఇది. బతుకమ్మ పండక్కి మాత్రం అదే తంగేడు కట్టలకి బేరమాడనివ్వరు.

అడ్డసరం ఉందా అంటే, "దగ్గా సార్? మందుల దుకాణం ముందట్నే ఉంది" అని జాలిపడ్డాడు. పిట్టల కోసమయ్యా అంటే బోగన్‌విలియా చేతిలో పెట్టాడు, మంచి కలరట. ఎక్కడో దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క అది. రంగుకేం, బ్రహ్మాండంగా ఉంటుంది. పందిరి ఎంత వెలిగిపోతున్నా వంటలు లేని పెళ్ళిలో చుట్టాలు నిలుస్తారా? తేనెపిట్టకి కావలసింది గొట్టంలాంటి పువ్వు, అడుగున నాలుగు చుక్కల తేనె. అవి మన నూరువరహాల్లో ఉన్నాయి, మేక కూడా ముట్టని అడ్డసరంలో ఉన్నాయి, పప్పుచారులోకి కాయలిచ్చే మునగ పూతలో గొట్టం లేకపోయినా తేనె ఉంది. మోదుగ పూస్తే గోరువంకల దగ్గర్నుంచి పసులపోలిగాడి దాకా పిట్టలన్నీ దాని మీదే ఉంటాయి గానీ, రెండొందల గజాల స్థలంలో మోదుగ వేస్తే మేం రోడ్డు మీద ఉండాలి.

అడ్డసరం కొమ్మలు ఊళ్ళో విరిచి తెచ్చి గుచ్చాం. పూత రాగానే తేనెపిట్టల జంట దిగింది. మగది నాలుగంగుళాలుంటుందేమో, ఎండ పడితే నలుపులోంచి ఊదా, నీలం తళుక్కుమంటాయి. పౌరుషం మాత్రం నాలుగు పాళ్ళు ఎక్కువ. పక్కింటి ఇంజనీరుగారి కొత్త కారు అద్దంలో ఇంకో మగపిట్ట కనిపించిందని పొద్దస్తమానం దాన్ని పొడవడం, పొడిచినంతసేపూ తలుపు మీద సున్నం వెయ్యడం. ఆయన విసిగి రెండద్దాలకీ పాత సాక్సులు తొడిగారు. మా కాలనీలో సాక్సులు వేసుకున్న కారు అదొక్కటే.

ఇల్లాలు మాత్రం మా వరండాలో బట్టల తీగ చివర గూడు మొదలెట్టింది. ఎండుటాకు తునకలు, చీపురు పీచు, కాగితం ముక్క, పురుగుల పెంటికలు, అన్నిటినీ సాలీడు దారంతో చుట్టి వేలాడదీసింది. చూస్తే తీగకి చిక్కుకున్న చెత్తే. పక్కన చిన్న వాకిలి, దాని మీద వాన పడకుండా చూరు కూడా. కట్టుబడి అంతా ఆవిడదే. ఆయన కొమ్మ మీద కూర్చుని పాటలు పాడతాడు. "ఈ సంసారం ఎక్కడో చూసినట్టుందండీ" అంది మా ఆవిడ, నా చేతిలో పేపరు వంక చూస్తూ.

సాలెగూళ్ళు లేందే ఆ గూడు నిలవదు. అందుకని ఉగాదికి బూజు దులిపే కార్యక్రమం వాయిదా వేయించాను. తరవాత కరివేపాకుకి పచ్చపురుగు పట్టింది, మందు కొట్టొద్దన్నాను. రోడ్డు పక్కనుంచి తెచ్చి పెట్టిన తంగేడు ఆకులన్నీ పసుపు సీతాకోకల పిల్లలు నమిలేశాయి, నమలనీ అన్నాను. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పిట్టలకి అదిచ్చేది ఈ పురుగుల్నే. పెద్ద పిట్ట పువ్వుల చుట్టూ ఎంత తిరిగినా, గూట్లో పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్నీ సాలీళ్ళనే. తేనె తాగి పిల్లలు పెరగవు. ఆకుకి చిల్లు లేని తోటలో పిట్ట కాపురం పెట్టదు. నర్సరీవాడు పువ్వులమ్ముతాడు, పురుగుల మందూ అమ్ముతాడు. పిట్టలెందుకు రావో అతన్నడిగి లాభం లేదు.

ఇదంతా మా ఆవిడకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఎదురు చెప్పకుండా విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మధ్యాహ్నం కంచంలో గుత్తివంకాయ పెట్టి, "పుచ్చులు ఏరలేదండీ. పురుగున్నదే మంచి తోట అన్నారుగా" అంది.

ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాను. కూర పిట్టలకి పెడదామన్నాను గానీ, మసాలా ఘాటుకి అవి కూడా రాలేదు.