గులాబీ టోపీ

మహారాజశ్రీ, వచ్చే అక్టోబరులో తిరువూరులో రొమ్ము క్యాన్సర్ అవగాహన ర్యాలీ తీయాలని తలపెట్టిన పెద్దలందరి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఆచారం గనక అలా రాశాను. ఒక వైపు కుశలం లేదు, ఈ అర్జీ ఆ సంగతి గురించే.

గులాబీ టోపీలు, టీషర్టులు, బెలూన్లు ఈపాటికి విజయవాడలో ఆర్డరిచ్చే ఉంటారు. బోసుబొమ్మ సెంటర్లో మొదలై బస్టాండు దాకా నడక, ఎండ ముదరకముందే ఫొటోలు, ఆపైన ఉప్మా. కాలేజీ ఆడపిల్లలు ముందు వరసలో, వాళ్లకు అడ్డంగా నాయకులు. మైకులో "ముందే గుర్తిస్తే ముప్పు లేదు". వేదిక మీద జబ్బును జయించిన ఒకావిడకి శాలువా. ఏర్పాట్లకు వంక పెట్టడానికేం లేదు. ఒక్కటే చిక్కు: ఊరేగింపు పోయే దారిలో ఏదో సందులో నాలుగో స్టేజీ ఆవిడ ఉంటుంది. ఆవిణ్ని ఏం చేద్దాం?

పిలవడం కుదరదు. రొమ్ములో మొదలైన జబ్బు వెన్నులోకో కాలేయంలోకో ఊపిరితిత్తుల్లోకో పాకిన మనిషి. పూర్తిగా నయం కాదు, కానీ మందులు పనిచేస్తే కొన్నేళ్లు బతుకుతుంది. మన ఇబ్బందంతా అక్కడే. గెలిచిందని శాలువా కప్పలేం, పోయిందని కొవ్వొత్తి వెలిగించలేం. పైగా మైకు చేతికిస్తే, "నేనూ ముందే గుర్తించానండీ, ఆపరేషనూ చేయించుకున్నా, కొన్నేళ్లకి ఎముకల్లో మళ్లీ తేలింది" అందనుకోండి, మీ నినాదం ఏం కావాలి? ముందే గుర్తించడం మంచిదే, కాదనేవాళ్లెవరూ లేరు. కాకపోతే ఆ మాట మైకులోంచి వచ్చినప్పుడల్లా మంచం మీదున్న మనిషికి "ఆలస్యం చేశావు, అనుభవించు" అన్నట్టే వినిపిస్తుంది.

2022లో మన దేశంలో కొత్తగా 1.92 లక్షల మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేల మంది దానితో పోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఆ 98 వేల మందిలో దాదాపు అందరూ ఈ నాలుగో స్టేజీ గుమ్మం మీదుగా వెళ్లినవాళ్లే. వాళ్లకో టోపీ లేదు. లేదనడం తప్పేమో, వాళ్లకి పెట్టిన టోపీ వేరే రకం.

ఆ గులాబీ రంగు సంగతి కూడా మనవి చేస్తాను. అమెరికాలో షార్లెట్ హేలీ అనే ఆవిడ, ఇంట్లో అమ్మమ్మకీ అక్కచెల్లెలికీ కూతురికీ ఈ జబ్బే రావడం చూసి, 1990ల మొదట్లో ఇంట్లో కూర్చుని పీచ్ పండు రంగు రిబ్బన్లు చేసి పంచింది. క్యాన్సర్ నివారణకి ప్రభుత్వం ఖర్చు పెట్టేది ఎంత తక్కువో వాటితో ఇచ్చిన కార్డుల మీద రాసింది. ఒక సౌందర్య సాధనాల కంపెనీ, ఒక పత్రిక కలిసి ఆ రిబ్బను మాకివ్వమన్నాయి. మీది వ్యాపారం, ఇవ్వనంది. వాళ్లు లాయర్లను అడిగితే రంగు మార్చుకుంటే సరిపోతుందన్నారు. 1992లో గులాబీ రంగు పుట్టింది. అడిగే రిబ్బను పోయి అమ్మే రిబ్బను వచ్చింది.

అమెరికా మాట అలా ఉంచితే, మన పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీలు పాడై మనుషులు పోతుంటే, ఎంత ఆలస్యంగానైనా కెమెరాలొచ్చాయి, నాయకులొచ్చారు, కృష్ణా నీళ్ల మాట వచ్చింది. ఒకే చోట గుంపుగా వచ్చే రోగానికి ఆ పాటి మర్యాద ఉంది. రొమ్ము క్యాన్సరుకి ఆ తెలివి లేదు. ఊరికొకరు, పేటకొకరుగా వస్తుంది. ధర్నా చేయడానికి పట్టుమని పదిమంది ఒక చోట దొరకరు. దొరికినా కూర్చోలేరు.

ఇక సర్కారు వారి దయ. క్యాన్సర్ రోగి చికిత్సకి వెళ్తుంటే రైల్వేవారు స్లీపర్లో, థర్డ్ ఏసీలో టికెట్ మీద నూటికి నూరు శాతం రాయితీ ఇస్తారు. మహా ఉదారం. తిరువూరుకి రైలే లేదు. బస్సుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్లకి అది కూడా ఉచితమే. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ చేతికొస్తుంది, సీటే రాదు. వెన్నుపూసలో క్యాన్సర్ ఉన్న మనిషి మైలవరం మీదుగా డెబ్భై కిలోమీటర్లకు పైగా నిలబడి, స్పీడు బ్రేకర్లన్నీ ఎముకలతో లెక్కపెట్టుకుంటూ విజయవాడ చేరుతుంది. ఎముక నొప్పికి ఒకే రోజు ఒకే డోసు రేడియేషన్ ఇచ్చినా, పది రోజులు ఇచ్చినంత ఉపశమనం చాలామందికి దొరుకుతుందని పరిశోధనలు ఏనాడో తేల్చాయి. కొందరికి తర్వాత మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు, అంతే. "డాక్టరుగారూ, నాకు ఒక్క రోజులో అవుతుందా?" అని అడగొచ్చని ఆవిడకి చెప్పినవారు లేరు. మీ కరపత్రంలో ఆ ఒక్క వాక్యం పడితే కనీసం కొన్ని స్పీడు బ్రేకర్లు తప్పుతాయి. కానీ మీ కరపత్రం నిండా మీ ఫొటోలే కదా, చోటెక్కడిది?

చెప్పేవాళ్లు లేక కాదు, ఉచిత సలహాకి ఆవిడకేం లోటు లేదు. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ తన భార్య నాలుగో స్టేజీ రొమ్ము క్యాన్సర్ నిమ్మనీళ్లు, పసుపు, వేపాకు, ఉపవాసాలతో తగ్గిందని ప్రెస్ మీట్ పెట్టారు. సిద్ధూ భార్యకి ఆపరేషన్లు, కీమో జరిగిన సంగతి వాట్సాప్‌లో ప్రయాణించేంత తేలికైనది కాదు, అది దారిలోనే దిగిపోయింది. టాటా మెమోరియల్ ఆసుపత్రిలో పనిచేసినవారూ చేస్తున్నవారూ 262 మంది క్యాన్సర్ డాక్టర్లు సంతకాలు చేసి, నమ్మొద్దన్నారు. మా పక్కింటి పిన్నిగారు ఆ 262 మందినీ ఒంటిచేత్తో ఓడించి, వేపాకు ముద్ద పట్టుకొచ్చారు. పంచదార మానేయమన్నవారొకరు, అన్నమే మానేయమన్నవారొకరు. మిరపకోతకి వెళ్లే చెయ్యి వాచి లేవట్లేదు, ఈ నెల డ్వాక్రా వాయిదా ఎలాగని మన సందులో ఆవిడ అడిగితే మాత్రం అందరికీ పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

ఢిల్లీ వారు మరీ దయగలవాళ్లు. 2024 సెప్టెంబరు 9న జరిగిన 54వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం కొన్ని క్యాన్సర్ మందుల మీద పన్నును 12 శాతం నుంచి 5కి తగ్గించింది. అదే సమావేశం పొంగించిన కారపు చిరుతిళ్ల మీద పన్నును 18 నుంచి 12కి దించింది. ఎటొచ్చీ ఆ మందుల్ని కొనే స్తోమత ఉన్నవాళ్లెవరో, ఆ చిరుతిళ్లు నములుతూ తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కేరళలో ఒకావిడ 2022లో కోర్టుకెక్కింది. తనకు రాసిన రైబోసిక్లిబ్ అనే మాత్రలకి నెలకి 58 వేల పైనే అవుతోంది, పేటెంటు పక్కనపెట్టి చవగ్గా తయారు చేయించండని అడిగింది. వాయిదాలు పడుతుండగానే ఆ సెప్టెంబరులో పోయింది. హైకోర్టు కేసును తానే ముందుకు నడిపించింది. కేసుకి ఆయుష్షు గట్టిది.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ కార్డుంది కదా అంటారు. ఉంది, కీమో ఇప్పిస్తుంది, మేలే చేస్తుంది. అయితే 2025 అక్టోబరులో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆ సేవలు ఆపేశాయి. గులాబీ మాసం మధ్యలోనే. బెలూన్లకి బకాయి ఉన్నట్టు మాత్రం నేనెక్కడా వినలేదు.

కార్డు దారి కూడా అయిపోయాక వచ్చే మాట, "ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి." అది కూడా ఆవిడతో అనరు. వరండాలో కొడుకుతో అంటారు. కొడుకు తండ్రితో, తండ్రి బావమరిదితో. ఊరంతా తెలిసి ఆవిడ ఒక్కతికే తెలియనట్టు నాటకం, తనకేమీ తెలియనట్టు ఆవిడ నాటకం. బంగారం ఎవరికివ్వాలో, చిన్నదాని పెళ్లి మాట ఎవరితో అనుకోవాలో, ఎక్కడ పోవాలనుందో చెప్పుకునే వీల్లేకుండా నోటికి ఇంత ప్రేమతో తాళం వేస్తారు. రొమ్ము మీద పుండు చితికి వాసనొస్తే మంచం వసారాలోకి మారుతుంది. మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి పుండు మీద చల్లితే ఆ వాసన బాగా తగ్గుతుందని ఉపశమన చికిత్స నేర్చిన ఏ నర్సయినా చెబుతుంది. రూపాయో రెండో చేసే మాత్ర. మనవరాలు మళ్లీ పక్కలోకొచ్చి పడుకోవడానికి అయ్యే ఖర్చు అంతే.

నొప్పి సంగతి చెప్పి ముగిస్తాను. సర్కారు లైసెన్సుతో నల్లమందు పండించే అతికొద్ది దేశాల్లో మనదొకటి. నీమచ్‌లో, గాజీపూర్‌లో దాన్ని శుద్ధి చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. అయినా మనవాళ్ల నొప్పికి కావలసిన మార్ఫిన్ తరహా మందులో దొరుకుతున్నది 4 శాతమని 2017లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. 1985 మాదకద్రవ్యాల చట్టం భయానికి మందుల షాపులు వాటిని పెట్టడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సడలించారు, భయాన్ని సడలించలేదు. ఒడిశా సరిహద్దు కొండల్లోని గంజాయి అదే చట్టం కళ్లెదుట, ఏ లైసెన్సూ లేకుండా, రాష్ట్రమంతా హాయిగా తిరుగుతోంది. మార్ఫిన్ మాత్రకి మాత్రం ఫారాలు, సంతకాలు, తాళంవేసిన బీరువా. హైదరాబాదు ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఏళ్లుగా ఇస్తోంది, అక్కడ ఆకాశమేం విరిగిపడలేదు. ఇక్కడ అడిగితే, "అలవాటైపోతుందమ్మా" అంటారు, ఏడాది బతుకుతుందో లేదో తెలియని మనిషితో.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈసారి వేదిక మీదికి జిల్లా ఆరోగ్య శాఖ పెద్ద ఎవరో వస్తారు కదా. రాత్రి రెండింటికి ఆవిడ నొప్పికి కేక పెడితే తిరువూరు సర్కారు ఆసుపత్రిలో మార్ఫిన్ చీటీ రాసిచ్చే డాక్టరు ఎవరండీ అని మైకులో అడగండి. పేరు చెప్పేదాకా ఆ శాలువా మడత విప్పకండి.