చలాన్ ఫొటో వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము: “తమ్మీ, ఫోన్ అప్‌డేటైన కాన్నుంచి చలాన్ ఫొటో తియ్యంగనే మీ యాప్ బందైతున్నది. మొన్నటిదాంక మంచిగనే నడిచింది.”

అవతారిక: నాచారం పారిశ్రామికవాడలో ఒకానొక గోడౌను సూపర్‌వైజరు, గేటు ముందు లారీ హారను మ్రోగుచుండగా, ఉప్పల్ మెట్రో దిగి ఆఫీసునకు నడచుచున్న యాప్ కుఱ్ఱవానితో వాట్సాప్‌లో పలికినది.

ప్రతిపదార్థము: తమ్మీ = ఓ ప్రోగ్రామరూ, ఇంకను కోపము రాలేదని ధ్వని, ‘సారూ’ అనినచో వచ్చినదని గ్రహించవలెను; అప్‌డేటైన కాన్నుంచి = ఆండ్రాయిడ్ 10 పోయి 11 వచ్చినది మొదలుకొని; మీ యాప్ = నిన్నటివఱకు ‘మన యాప్’; బందైతున్నది = సిగ్నల్ 6 అందుకొని ప్రాణము విడుచుచున్నది.

తాత్పర్యము: ఫొటో కొఱకు సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ తీసికొన్న మెమరీని అప్‌లోడు ముగియగనే ఒకసారి, తెర మూయునపుడు మరియొకసారి ఫ్రీ చేయుచున్నది. దీనినే డబుల్ ఫ్రీ అందురు. ఆండ్రాయిడ్ 10 వఱకు మెమరీ పంచిన జెమాలక్ చాలవఱకు చూచీచూడనట్లు పోయెడిది. 2020లో 11తో వచ్చిన స్కూడో అట్టిది కాదు. ప్రతి ముక్క తలపై అది వాడుకలో నున్నదో లేదో వ్రాసికొనును. విడిచినదానిని మరల విడువబోగా ‘ఇన్వాలిడ్ చంక్ స్టేట్’ అని లాగ్‌లో వ్రాసి యాప్‌ను అక్కడికక్కడే ఆపివేయును.

‘మంచిగనే నడిచింది’ అనుచోట వివాదము కలదు. నడిచినమాట నిజము, మంచిగా అనుట అబద్ధము. ఒకసారి విడిచిన చోటు ఇంకొక ఫొటో చేతికి పోయిన పిమ్మట మరల విడిచినచో ఆ రెండవ ఫొటో చెడును. అప్పుడప్పుడు చలాన్ క్రింది సగము చారలుగా వచ్చుచుండగా ‘లెన్సు తుడుచుకొనుడు’ అని టికెట్ మూసిన మహానుభావులు ఉప్పల్‌లోనే కలరు. దోషము పాతది, అప్‌డేటు దానిని పట్టి యిచ్చినది, అంతే.

‘ఫోన్ రీస్టార్ట్ చేయుడు’ అను వ్యాఖ్య అగ్రాహ్యము. ‘మా దగ్గర వస్తలేదు’ అను పక్షమునకు మాత్రము ఆధారమున్నది: ఆఫీసు టెస్టింగు ఫోను చవుకది; ర్యామ్ తక్కువగల ఫోన్లకు 11లోను జెమాలక్‌నే ఉంచిరి. కావున హబ్సిగూడ చౌరస్తా ట్రాఫిక్ దాటి నాచారం పోయి, సూపర్‌వైజరు ఫోనుకే కేబులు తగిలించి లాగ్ చూడక తప్పలేదు. పిదప మెమరీ దోషములను పట్టు అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేయగా, మెమరీ తీసికొన్న చోటు, మొదట విడిచిన చోటు, మరల విడిచిన చోటు మూడును బయటపడెను. కడపటిది తీసివేసిరి.

చదువరులకు మనవి: ఇట్టి వాక్యము పంపునపుడు ఫోను మోడలు, ఆండ్రాయిడ్ వెర్షను కూడ జతచేయుడు.