తలాంతులు రెట్టింపు, బల్లలు భద్రం

అమెరికాలో క్రైస్తవ విశ్వవిద్యాలయాల బిజినెస్ కాలేజీ కరపత్రం ఏది తిరగేసినా ఒక హామీ కనిపిస్తుంది. తమ దగ్గర చెప్పేది ఉత్త ఎంబీఏ కాదట, విశ్వాసమూ వ్యాపారమూ కలగలిసిన ఎంబీఏ అట. చదివి బయటికొచ్చినవాడు లాభాలూ తెస్తాడు, విలువలూ నిలబెడతాడు. పుస్తకం తెరిస్తే మాత్రం డెబిట్ ఎడమవైపే ఉంటుంది, క్రెడిట్ కుడివైపే ఉంటుంది. తరుగుదల లెక్కకట్టడానికి బాప్టిస్టులకో సూత్రం, నాస్తికులకో సూత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

మరి ఆ కలయిక జరిగేదెక్కడ? ఎక్కువగా డిస్కషన్ బోర్డు మీద. ఆన్‌లైన్ క్లాసులో వారం మధ్యలో ఒక పోస్టు పెట్టాలి, వారం ముగిసేలోగా తోటివాళ్ల పోస్టులకు ఒకటో రెండో జవాబులు రాయాలి. లిబర్టీ లాంటి యూనివర్సిటీలో ఆ రాతలో బైబిలు దృక్పథం కూడా కనబడాలి. అందుకని విద్యార్థి సప్లై చెయిన్ మీద మూడు పేరాలు రాసుకుని, నాలుగో పేరాలో సామెతల గ్రంథం నుంచి ఒక వచనం తెచ్చి తగిలిస్తాడు. ఆ వచనానికీ గిడ్డంగికీ ఏమిటి సంబంధమని పక్కవాడు అడగడు. అతనూ తన వచనం వెతుక్కునే పనిలోనే ఉంటాడు. ‘చాలా లోతుగా చెప్పారు’ అని ఒక జవాబు పడేసి సబ్మిట్ నొక్కుతాడు.

ఈ తరగతుల్లో బాగా చలామణీ అయ్యే కథ తలాంతుల ఉపమానం. యజమాని ఊరెళ్తూ ముగ్గురు దాసులకు సొమ్ము అప్పగిస్తాడు. ఇద్దరు రెట్టింపు చేస్తారు. మూడోవాడు భూమిలో పాతిపెట్టి తిట్లు తింటాడు. పెట్టుబడి మీద రాబడి గురించి ఇంత పొట్టి కేస్ స్టడీ హార్వర్డ్‌లో కూడా దొరకదు. సూదిబెజ్జం ముందు నిలబడ్డ ఒంటెకు మాత్రం సిలబస్‌లో ఇంత మర్యాద దక్కలేదు. ఇక ఆలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు తలకిందులైన ఉదంతం ఫైనాన్షియల్ మార్కెట్స్ కిందికొస్తుందో, రిస్క్ మేనేజ్‌మెంట్ కిందికొస్తుందో ఇంకా తేలినట్టు లేదు.

అసలు వ్యాపారం నేర్చుకోవాలంటే క్లాసులో కాదు, యాజమాన్యం గదిలో కూర్చోవాలి. అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ యూనివర్సిటీ అందుకు తగిన చోటు. 1949లో సదరన్ బాప్టిస్టులు ప్రెస్కాట్ ఊళ్లో కాలేజీగా మొదలుపెట్టారు. తర్వాత అది ఫీనిక్స్‌కు మారింది, యూనివర్సిటీ అయింది, అప్పుల పాలైంది. 2004లో పెట్టుబడిదారులు కొనేశారు. దాంతో లాభాల కోసం నడిచే క్రైస్తవ విశ్వవిద్యాలయం అనే కొత్త జాతి పుట్టింది. 2008లో షేర్లు నాస్‌డాక్‌కెక్కాయి. స్టాక్ మార్కెట్లో దాని ముద్దుపేరు ‘లోప్’. కాలేజీ క్రీడాజట్ల గుర్తు ఆంటెలోప్ జింక కదా, దాని తోక పట్టుకుని పెట్టిన పేరది. చాపెల్‌లో ఆరాధన సాగుతూనే ఉంది, షేరు ధర కూడా కదులుతూనే ఉంది.

పదేళ్లు గడిచాక యాజమాన్యానికి లాభాపేక్ష లేని హోదా మీద మళ్లీ మనసు పడింది. 2018లో సంస్థను రెండుగా చీల్చారు. లాభాల కంపెనీ ఒకటి, లాభాపేక్ష లేని యూనివర్సిటీ ఒకటి. యూనివర్సిటీ తన క్యాంపస్‌ను ఆ కంపెనీ దగ్గరే దాదాపు 87 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. కొనడానికి అప్పిచ్చింది కూడా ఆ కంపెనీయే. అంతటితో అయిపోలేదు. మార్కెటింగ్, టెక్నాలజీ వగైరా సేవలందించినందుకు ఫీజుల రాబడిలో 60 శాతం కంపెనీకి వెళ్లేలా ఒప్పందం రాసుకున్నారు. యూనివర్సిటీ ప్రెసిడెంట్ బ్రయన్ మ్యూలర్. కంపెనీ సీఈఓ ఎవరయ్యా అంటే, బ్రయన్ మ్యూలరే. పెళ్లికొడుకు తరఫునా పెళ్లికూతురు తరఫునా ఒకరే పెద్దమనిషి కూర్చుంటే లాంఛనాల దగ్గర పేచీ ఎందుకొస్తుంది?

పేచీ పెట్టింది అమెరికా విద్యాశాఖ. మీరేం చెప్పుకున్నా మా ఖాతాలో లాభాపేక్ష లేని సంస్థ కారు పొమ్మని 2019లో తేల్చింది. 2023 అక్టోబరులో, డాక్టరేట్ కోర్సుల అసలు ఖర్చు విషయంలో 7,500 మందికి పైగా విద్యార్థులను తప్పుదోవ పట్టించారంటూ 3.77 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. యూనివర్సిటీ ఆరోపణను ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది నవంబరులో, హోదా వ్యవహారంలో విద్యాశాఖ వాడిన చట్టప్రమాణమే తప్పని అప్పీళ్ల కోర్టు చెప్పింది. 2025 మేలో, ప్రభుత్వం మారాక, జరిమానా కూడా రద్దయింది. కాబట్టి ఇక్కడ నేరం ఊసు అక్కర్లేదు. కరపత్రంలోని హామీని పట్టుకుని ఒక్క ప్రశ్న అడగొచ్చు. చీల్చడం, అమ్మడం, అప్పివ్వడం, 60 శాతం పుచ్చుకోవడం - వీటిలో ఏ మెట్టు మీద విశ్వాసం వచ్చి వ్యాపారంతో కలిసింది? అదే 2018లో ఇండియానాలోని ప్రభుత్వ యూనివర్సిటీ పర్డ్యూ, కాప్లాన్ కంపెనీ నడిపే యూనివర్సిటీని తీసుకుని, రాబడి పంచుకునే ఒప్పందం రాసుకుంది. వాళ్లకు చాపెల్ అవసరం పడలేదు.

క్రైస్తవ కాలేజీకీ వ్యాపారానికీ చుట్టరికం ఉండకూడదని కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య బీఏ చదివింది మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో. ఆ తర్వాత వైద్యం చదివి, బందరులో డాక్టరుగా ఉంటూ 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు, పిమ్మట బీమా కంపెనీ పెట్టారు. ఎంబీఏ లేదు, ‘విశ్వాసాధారిత నాయకత్వం’ సర్టిఫికెట్టూ లేదు. బందరు నోబుల్ కాలేజీ, గుంటూరు ఏసీ కాలేజీ పెట్టిన మిషనరీలకూ మతం మీద పట్టింపు తక్కువేం కాదు. అయినా క్రైస్తవ బీజగణితం అంటూ వేరే ఫీజు వసూలు చెయ్యాలన్న ఊహ వాళ్లకు తట్టలేదు, పాపం.

ఇప్పటి తెలుగువాడికి ఈ చదువుతో పడిన లంకె మాత్రం విశ్వాసానిదీ కాదు, వ్యాపారానిదీ కాదు. వీసాది. కంప్యూటర్స్‌లో ఎంఎస్ చేశాక పనిచెయ్యడానికి ఓపీటీ కింద మూడేళ్లు దొరుకుతాయి. ఈలోగా ఏటా 85 వేల హెచ్1బీల లాటరీలో పేరు రావాలి. రాకపోతే పెట్టె సర్దుకోవాలి, లేదా రెండో మాస్టర్స్‌లో చేరాలి. చేరిన మొదటిరోజు నుంచే ఉద్యోగానికి అనుమతిచ్చే కోర్సులు కొన్నున్నాయి. ‘డే వన్ సీపీటీ’ అంటే అమీర్‌పేట నుంచి డాలస్ దాకా అందరికీ తెలుసు. అలాంటి కోర్సులు నడిపేవాటిలో చర్చిల నీడన పుట్టిన చిన్న యూనివర్సిటీలు కూడా ఉన్నాయి. నిబంధనల ప్రకారమే నడుస్తాయి. అందులో ఒక నిబంధన, అప్పుడప్పుడు వారాంతంలో మనిషి క్లాసులో కనబడాలని.

అందుకే శుక్రవారం రాత్రి విమానం దిగి, నలుగురు కలిసి అద్దెకారు తీసుకుని, మోటెల్‌లో రెండు మంచాల గదిలో సర్దుకుంటారు. శనివారం పొద్దున హాజరు పట్టీలో సంతకం, ఆపైన సంస్థాగత ప్రవర్తన మీద పాఠం. వెనక వరసలో జావా డెవలపర్ ఒకరు ల్యాప్‌టాప్‌లో ప్రొడక్షన్ ఇష్యూ చూస్తుంటారు. ఆదివారం మధ్యాహ్నానికి గ్రూప్ ప్రెజెంటేషన్ ముగించి ఎయిర్‌పోర్టుకు పరుగు. ‘సేవక నాయకత్వం’ స్లయిడు ఎవరు చెయ్యాలన్నది కారులోనే తేలిపోయి ఉంటుంది.

వీళ్లది సక్రమమైన గుర్తింపున్న చదువు. అదీ లేని చోటు చూడాలంటే 2011 జనవరికి, కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌కు వెళ్లాలి. ట్రై వ్యాలీ యూనివర్సిటీ తనను తాను క్రైస్తవ ఉన్నత విద్యాసంస్థనని చెప్పుకుంది. దేవుని మహిమ కోసం ఇంజనీర్లనూ వ్యాపార నాయకులనూ తయారుచెయ్యడమే తన లక్ష్యమంది. అధికారులు దాడిచేసేసరికి విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులు, అందులోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. రికార్డుల్లో సగానికి పైగా విద్యార్థుల చిరునామా సన్నీవేల్‌లోని ఒకే ఒక్క అపార్ట్‌మెంట్. కొందరు పిల్లల కాళ్లకు జాడ తెలిపే రేడియో పట్టీలు తగిలిస్తే ఢిల్లీ అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది.

అధినేత్రి సుసాన్ సూకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. 56 లక్షల డాలర్ల జప్తుకు కోర్టు ఆదేశించింది. ఫీజుల సొమ్ము ఇళ్లుగా, వాణిజ్య స్థలాలుగా, ఒక మెర్సిడెస్ కారుగా మారిందని విచారణలో బయటపడింది. ఇంకొకరిని తెచ్చి చేర్పించిన విద్యార్థికి, అలా వచ్చిన ఫీజులో 20 శాతం దాకా కమీషన్ ఇచ్చేవారట. ఆ యూనివర్సిటీలో శ్రద్ధగా జరిగిన మార్కెటింగ్ ప్రాక్టికల్ అదొక్కటే అయ్యుండాలి.