సాల్మన్ దొరవారి వైరాగ్యము

సముద్రమున హెరింగులను, రొయ్యలను వెన్నాడి మ్రింగుటయే స్వధర్మముగా గల సాల్మన్ మత్స్యమునకు నార్వే ఫియోర్డులలోని వలగూళ్లలో బడిన పిదప పరమ వైరాగ్యము గలిగినదనియు, అది యిపుడు బ్రెజిలు సోయాసారముతోడను, ఆవజాతి గింజల నూనెతోడను సంతుష్టి నొందుచున్నదనియు మేతవర్తకులు చాటు ప్రకటనలు చదువునపుడెల్ల, చేత దర్భలు బట్టి బాటసారిని బిలిచిన ముసలిపులి నాకు జ్ఞప్తికి వచ్చును. వారి లెక్క అబద్ధము గాదు. 1990లో ఆ మేతయందు నూటికి 90 పాళ్లు చేపపిండియు చేపనూనెయు నుండగా, 2020 నాటికవి 22 పాళ్లకు దిగినవి.

అయితే ఆ ముప్పదేండ్లలోనే సాల్మన్ దిగుబడి లక్షన్నర టన్నులనుండి పదమూడు లక్షలు దాటినది. మేత యించుమించు 20 లక్షల టన్నులైనది. అందు 22 పాళ్లనగా నాలుగు లక్షల టన్నులకు మించిన చేపసరకు! 1990లో మేత యావత్తును చేపయే యనుకొన్నను అంత కాజాలదు. అనగా నీ విరాగి ఉపవాసమును శాతములలోను, భోజనమును టన్నులలోను జేయుచున్నాడన్నమాట. ఆ భోజనములోనికి మారిటేనియా తీరపు నూనెయు వచ్చి చేరుచున్నది. మన మత్స్యకారులు కవళ్లని పిలుచు జాతికి జెందిన సార్డినెల్లా చేపలను, పశ్చిమాఫ్రికాలో బీదసాదలు ఎండబెట్టియో పొగబెట్టియో తినెడి వానిని, అక్కడి కర్మాగారములు పిండి గొట్టి నూనె తీసి ఓడ కెక్కించును. ఒకరి కూర మరియొకరి కూరకు మేతయగుటకు 'సుస్థిరత' యని నామకరణము!

ఇక నూతన ద్రవ్యముల మహిమ వినుడు. 2017లో ఐరోపా సమాఖ్య చేపలమేతలో కీటకపిండికి అనుజ్ఞ యిచ్చినది; నార్వే పండితులు స్ప్రూస్ చెట్ల కలపనుండి చక్కెర తీసి, దానిపై ఈస్టును బెంచి, మేత జేయజూచుచున్నారు. ఈగపురుగుల ఛాయాచిత్రములు లేని వార్షిక నివేదిక సభామర్యాద దప్పినట్లే. అయినను కీటకములు, ఏకకణ జీవుల మాంసకృత్తులు, సూక్ష్మశైవలములు మొదలైనవన్నియు గలిసి 2020లో ఆ మేతయందు ఆక్రమించిన భాగము నూటికి 0.4! వీనిలో శైవలతైలమును మాత్రము నేను పరిహసింపను. ఒమేగా-3 కొవ్వు చేపకు సైతము మూలమున శైవలములనుండియే వచ్చును గనుక, దానిని నేరుగా దెచ్చుకొనుట బుద్ధిమంతుల పని. ప్రకటనకు ముందు పని జరుగవలెననుటయే నా ఫిర్యాదు.

కావున, హైదరాబాదు అంగళ్లలోనో, అమెరికాలోనో నార్వే సాల్మన్ గొను పాఠకులారా! అమ్మువాడు శాతములు వల్లించునపుడు, టన్నులెన్నియని యడుగుడు. ఏ తీరపు చేపయని యడుగుడు.