నాలుగు బారసాలలు

కోనసీమలో బిడ్డకు బారసాల ఒక్కసారే. పేదల ఆరోగ్య బీమాకు మాత్రం సర్కారు మారినప్పుడల్లా!

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ.
2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ.
2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ.
2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ.

తొలి బారసాల ఏడాది పుట్టిన పిల్లకు ఓటుహక్కు కూడా వచ్చేసింది. పాపం, ఆ పిల్లకు ఇప్పటికీ ఒకటే పేరు!

నొప్పులొస్తున్న కోడలిని రాజోలు వైపు లంక నుంచి పడవెక్కించి తెచ్చిన అత్తగారిని కౌంటర్లో అడిగారట: “ఏ పథకం కింద రాయమంటారు?”

“మేం బయల్దేరినప్పుడున్న పేరే రాసుకోండి, ఆయ్! ఏరు దాటేలోగా మారుంటే మీరే చెప్పాలండి!”

మార్పంటే గిట్టనిదీ ఒకటుంది. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన. మన రాష్ట్రంలో పేద పల్లె తల్లి ఆసుపత్రిలో కంటే ఈ పథకం కింద ఇచ్చేది 700 రూపాయలు.

అప్పుడూ 700. ఇప్పుడూ 700.

బొండం ధర పెరిగింది. ఆటో కిరాయి పెరిగింది. ఆ పచ్చనోట్ల లెక్క మాత్రం తొణకలేదు, బెణకలేదు. ఈ నిలకడేదో గోదారమ్మకు అబ్బితే లంకలకు వరద బెడదే ఉండదు!

ఏలినవారికో మనవి: పథకానికి పేర్లు చాలు. ఈసారి బారసాల ఆ అంకెకు చెయ్యండి.