బేరం చెడగొట్టే వకీలు కండి

కమర్షియల్ స్థలాలు, బ్యాంకు రుణాల పనిలోకి వచ్చే జూనియర్లకు హైదరాబాద్‌లో అందరూ చెప్పేది ఒకటే: ఫైలు త్వరగా ముగించు, పార్టీని భయపెట్టకు, బేరం చెడగొట్టే వకీలని పేరు తెచ్చుకోకు. నేను తలకిందులుగా చెబుతాను. ఆ పేరే తెచ్చుకోండి.

హైటెక్ సిటీ అద్దాల మేడలో ఉద్యోగం వస్తే వెంటనే చేరకండి. ముందు సబ్‌రిజిస్ట్రార్, తహసీల్దారు ఆఫీసుల చుట్టూ కొన్నాళ్లు తిరగండి. లీజు ముసాయిదా ఇంగ్లీషులో రాసేవాళ్లు బోలెడుమంది. ఒక సర్వే నంబరు పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే.

ఉర్దూ నేర్చుకోండి. కనీసం అంకెలు, భూమి మాటలు రావాలి. తెలంగాణలో నిజాం కాలపు రెవెన్యూ రికార్డులు చాలావరకు ఆ లిపిలోనే ఉన్నాయి. ఆ రికార్డుల్లోని ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీలోని పేరుకూ ఇవాళ అమ్మే మనిషికీ మధ్య లింకు ఎక్కడ తెగిందో మీ కళ్లతో మీరే చూడాలి. ఎవరో చదివి చెప్పినదాన్ని నమ్మి కోట్ల రుణానికి లీగల్ ఒపీనియన్ ఇవ్వడం తప్పు.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) శుభ్రంగా ఉందని సంబరపడకండి. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. కోర్టులో దావా నడుస్తోందా, వీలునామా ఉందా అన్నది అది చెప్పదు. కూతుళ్ల వాటా సంగతీ చెప్పదు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ కంటే ఎంతో ముందే, 1986లోనే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టిన పాత దస్తావేజు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితా వేరుగా చూడాలి, తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ వేరుగా చూడాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ)తో జరిగిన అమ్మకం హక్కునివ్వదని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇవన్నీ వారంలో అయ్యేవి కావు. ఆ మాటే పార్టీకి చెప్పండి.

బ్యాంకు మీ క్లయింటైతే ఇంకా మొండిగా ఉండండి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. వ్యవసాయ భూమికి మాత్రం 31(ఐ) సెక్షన్ అడ్డం. వ్యవసాయేతర భూమిగా (నాలా) మార్పిడి జరగని ఎకరాలను గోదాము పేరుతో తాకట్టుకు తెస్తే, మార్చి 31 టార్గెట్ అని మేనేజరు ఎంత బతిమాలినా సంతకం పెట్టకండి. టార్గెట్‌ను ఏప్రిల్లో మరిచిపోతారు, మీ ఒపీనియన్ మాత్రం ఫైల్లోనే ఉంటుంది.

హైదరాబాద్ ప్యానెల్ న్యాయవాది ఒకరి మీద సీబీఐ పెట్టిన కేసులో, కుట్రకు ఆధారం లేకుండా తప్పుడు ఒపీనియన్ ఒక్కటే క్రిమినల్ నేరం కాదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి ధైర్యం చెప్పేవాళ్లుంటారు. అక్కడిదాకా వెళ్లడానికి ఎన్నేళ్లు నలగాలో కూడా వాళ్లను అడగండి.

బేరం ముగిశాకే ఫీజు అనే షరతుకు ఎన్నడూ ఒప్పుకోకండి. ‘కుదురుతుంది’ అన్నా ‘కుదరదు’ అన్నా ఫీజు ఒకటే ఉండాలి, ముందే తీసుకోవాలి. లేకపోతే లోపం కళ్లెదుట ఉన్నా కనపడదు. ఆ లోపం మీద లేచిన భవనంలో షాపు కొన్న చిన్న వ్యాపారి పదేళ్లు కోర్టుల చుట్టూ తిరుగుతాడు.

‘కుదరదు’ అన్న మాట ఫోన్లో చెప్పి ఊరుకోకండి. కారణంతో, సర్వే నంబరుతో, తేదీ వేసి కాగితం మీద ఇవ్వండి.